పాత అంబాసిడర్ వైపర్: మోటారును చివర్లో అనుమానించండి

పాత కారు వైపర్ ఆగిపోయిందని బండి షెడ్డుకొస్తే మొదట వినిపించే మాట "మోటార్ పోయింది" అనే. కొత్త బండ్ల మీద పని నేర్చుకున్న కుర్రాళ్లు ఆ మాట ఇంకా తొందరగా అంటారు. అందులో వాళ్ల తప్పు లేదు. ఇవాళ్టి కారుకు మోటార్, రాడ్లు కలిపి సెట్టుగా షాపులో దొరుకుతాయి. పాతది విప్పి కొత్తది బిగిస్తే పని అయిపోతుంది. పాత బండి దగ్గర ఈ పద్ధతి నడవదు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు దొరికే పార్టు ఏ బండి నుంచో పీకినదైనా కావాలి, కొలతలు కుదరని నకిలీదైనా కావాలి. మంచి మోటారును విప్పి పక్కన పడేస్తే దానికి సాటి వచ్చేది మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే పాత కార్ల పనిలో అసలు కూలి లోపం ఎక్కడుందో కనిపెట్టినందుకే వస్తుంది.

ఈ బండ్లు తెచ్చేవాళ్లెవరో కూడా చూడండి. పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవాళ్లు, సినిమా షూటింగులకు ఇచ్చేవాళ్లు, తాతగారి బండిని అమ్మబుద్ధి కాక ఇంట్లో ఉంచుకున్నవాళ్లు. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. పెద్ద మార్పులు చేయని బండ్లకే ఆ రిజిస్ట్రేషన్ దక్కుతుంది కాబట్టి ఓనర్లు అసలు పార్టు అసలు చోట ఉండాలని కోరుకుంటున్నారు. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్లు తగ్గిపోతున్నారు. నేర్చుకున్నవాడికి చేతినిండా పని ఉంటుంది.

ముందు ఆ వైపర్ ఎలా నడుస్తుందో తెలియాలి. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దానితోపాటు లూకాస్ వాళ్ల వైపర్ పద్ధతీ ఇక్కడికొచ్చింది. మోటార్ ఒకచోట ఉంటుంది. దాని గేరు డబ్బాలో ఉన్న క్రాంకు, గుండ్రటి తిరుగుడును ముందుకూ వెనక్కూ జరిగే కదలికగా మారుస్తుంది. ఆ కదలిక ఒక కేబుల్‌కు అందుతుంది. దాన్ని ర్యాక్ అంటాం. చుట్టూ స్ప్రింగులా తీగ చుట్టి ఉంటుంది. ఇనుప గొట్టంలో అది అటూ ఇటూ జారుతుంటే, అద్దం కింద ఉన్న రెండు వీల్ బాక్సుల్లో పళ్ల చక్రాలు అటూ ఇటూ తిరుగుతాయి. ఆ చక్రాల ఇరుసుల మీదే వైపర్ చేతులు కూర్చుంటాయి. ఫియట్, పద్మిని బండ్లలో ఈ ర్యాక్ ఉండదు, రాడ్ల లింకేజి ఉంటుంది. అక్కడ అరిగేవి కీళ్ల దగ్గరి బుష్‌లు. కరెంటు వైపు పరీక్షలు మాత్రం దేనికైనా ఇంచుమించు ఇవే.

టూల్ బాక్సు తెరిచే ముందు కస్టమర్‌ని అడగండి. అసలు కదలడం లేదా? కదిలినా నెమ్మదిగా కదులుతోందా? మొదట బాగా ఆడి, కాసేపటికి ఈడుస్తోందా? స్విచ్చి ఆపితే అద్దం మధ్యలో ఆగిపోతోందా? ఒక చెయ్యి ఆడి రెండోది ఆడటం లేదా? ఈ మధ్య బండికి పెయింటు వేయించారా, డాష్‌బోర్డు విప్పారా? ఈ చివరి ప్రశ్నను చాలామంది అడగరు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

ఎందుకో చెప్తాను. ఒక తెల్ల అంబాసిడర్ నా దగ్గరకు వచ్చేసరికే దాని మోటార్ ఒకసారి మార్చేశారు. మార్చినా వైపర్ కదల్లేదు. రెండో మోటారూ పోయిందని తేల్చి మూడోదాని కోసం వెతుకుతున్నారు. అంతకు కొద్ది రోజుల ముందే బండికి పూర్తి పెయింటింగు జరిగింది. డాష్‌బోర్డు వెనక, స్విచ్చి నుంచి వచ్చే ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద తళతళలాడే కొత్త పెయింటు ఉంది. వైరు ఉంది, బోల్టు గట్టిగానే ఉంది, కరెంటు దారి మాత్రం మూసుకుపోయింది. ఆ చోట రేకు తెల్లగా కనిపించేదాకా బ్లేడుతో గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన కాస్త వాసిలీన్ పూశాను. వైపర్ ఆడింది. తీసి పక్కన పెట్టిన పాత మోటారూ బాగానే ఉంది.

కొత్త కుర్రాళ్లు తికమకపడే సంగతి ఒకటి ఇక్కడే ఉంది. మామూలుగా స్విచ్చి అంటే లైవ్ వైరు మధ్యలో ఉంటుందనుకుంటాం. ఒకే స్పీడున్న పాత లూకాస్ మోటారుకు అలా ఉండదు. ఇగ్నిషన్ వేయగానే ఫ్యూజు గుండా లైవ్ నేరుగా మోటార్ దగ్గరకు వచ్చేస్తుంది. డాష్‌బోర్డు మీది స్విచ్చి చేసే పని ఆ మోటారుకు ఎర్త్ అందించడం. లూకాస్ రంగుల ప్రకారం లైవ్ ఆకుపచ్చ వైరు, స్విచ్చికి వెళ్లేది ఆకుపచ్చ గీత ఉన్న నల్ల వైరు, ఎర్త్ నల్ల వైరు. టెర్మినళ్ల మీద 2, 1, ఈ అనే గుర్తులుంటాయి. ఇన్నేళ్లలో ఎవరి చేతిలో ఏ వైరు దొరికితే అది వేసి ఉంటారు కాబట్టి రంగును నమ్మకండి, టెస్ట్ లాంపును నమ్మండి.

ఇగ్నిషన్ వేసి, వైపర్ స్విచ్చి ఆపి ఉంచి చూస్తే 2 దగ్గర లాంపు వెలగాలి. వెలగకపోతే ఫ్యూజు, ఫ్యూజు పట్టీలు, ఇగ్నిషన్ స్విచ్చి చూసుకోండి. చేతులు అద్దం అడుగున ఆగి ఉంటే 1 దగ్గరా వెలుగుతుంది. అది చూసి షార్టు అయిందని కంగారుపడొద్దు. మోటార్ చుట్ల గుండా వచ్చిన కరెంటే అది. 2 దగ్గర వెలిగి 1 దగ్గర వెలగలేదంటే దారి మోటార్ లోపల తెగింది. రెండు చోట్లా వెలిగితే ఒక వైరు తీసుకుని 1 నుంచి నేరుగా బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు తాకించండి. వైపర్ ఆడిందా, మోటార్ మంచిది. తప్పు స్విచ్చిదో, దాని ఎర్త్‌దో. అక్కడితో సగం వెతుకులాట అయిపోయినట్టే.

ఈ అని గుర్తున్నది మోటార్ ఒంటి ఎర్త్. దాని పని వేరు. స్విచ్చి ఆపినా చేతులు అద్దం అడుగుకు చేరేదాకా మోటార్ ఆడాలి కదా, అప్పటిదాకా ఎర్త్ అందించేది గేరు డబ్బా మూతలో ఉన్న లిమిట్ స్విచ్చి. దానికి ఎర్త్ మోటార్ ఒంటి నుంచే వస్తుంది. కనుక వైపర్ బాగానే ఆడుతూ, స్విచ్చి ఆపగానే ఎక్కడ ఉంటే అక్కడ ఆగిపోతోందంటే ముందు ఆ నల్ల వైరు చూడండి. మోటార్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటే ఆ వైరు లేకుండా బాడీకి ఎర్త్ దొరకదు. ఎర్త్ బాగుండి, ఆగే చోటు మాత్రం తేడాగా ఉంటే గేరు డబ్బా మూత నాలుగు స్క్రూలు కాస్త వదులు చేసి, గుండ్రటి లిమిట్ స్విచ్చిని కొంచెం కొంచెంగా తిప్పుతూ సరైన చోటు పట్టుకుని బిగించాలి. దీనికి కొత్త పార్టు ఏదీ అక్కర్లేదు.

లాంపు వెలిగినంత మాత్రాన కరెంటు పూర్తిగా అందుతోందని కాదు. చిన్న బల్బుకు సరిపోయిన దారి మోటారుకు చాలకపోవచ్చు. నెమ్మదిగా ఈడ్చే వైపర్ దగ్గర మల్టీమీటరే మాట్లాడాలి. వైపర్ వేసి, బరువు మీద ఉండగా కొలవండి. మీటరు ఒక తీగ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండోది స్విచ్చి ఎర్త్ మీద. తర్వాత మోటార్ ఒంటి మీద. అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో తుప్పో, పెయింటో, వదులు బోల్టో ఉంది. లైవ్ వైపూ ఇలాగే, బ్యాటరీ లైవ్ టెర్మినల్ నుంచి మోటార్ 2 వరకు. వేలితో ఫ్యూజు పట్టీని తాకి చూడండి. వేడిగా ఉంటే వోల్టేజీ అక్కడే కరిగిపోతోంది.

బ్యాటరీని కూడా ఒకసారి గమనించండి. పాత బ్రిటిష్ నమూనా బండ్లలో పాజిటివ్ టెర్మినల్ బాడీకి ఎర్త్ అయ్యేది. చుట్లతో అయస్కాంతం పుట్టించే పాత మోటారుకు ప్లస్, మైనస్ మార్చినా తిరిగే దిశ మారదు. తర్వాత వచ్చిన, లోపల శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారుకు మారుతుంది. పాత బండికి కొత్త రకం మోటార్ బిగించి, పార్కింగు కుదరడం లేదని తల పట్టుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. అలాంటి మోటారుకు, అందులోనూ రెండు స్పీడుల వాటికి, వైరింగ్ వేరుగా ఉంటుంది. పైన చెప్పిన టెర్మినల్ పరీక్షలు వాటికి పనికిరావు.

కరెంటు వైపు శుభ్రంగా ఉందని తేలితే ఇక బరువు సంగతి. నెమ్మదైన వైపర్లలో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి. ఏళ్ల తరబడి గొట్టంలో ఉన్న గ్రీజు ఎండి, దుమ్ముతో కలిసి మైనంలా గట్టిపడుతుంది. మోటార్ తన బలమంతా ఆ మైనాన్ని లాగడానికే ఖర్చు పెడుతుంది. కాసేపు ఆడాక ఈడ్చడం, మోటార్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం దీని గుర్తులు.

బ్యాటరీ వైరు తీసేయండి. వైపర్ చేతులు ఇరుసుల మీద నుంచి తీయండి. గేరు డబ్బా మూత విప్పి ర్యాక్‌ను క్రాంకు నుంచి వేరు చేయండి. ఇప్పుడు మోటార్ వేరు, ర్యాక్ వేరు. ర్యాక్ చివరకు స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి లాగండి. పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గర ఉండే కాటా చాలు. లూకాస్ లెక్క ప్రకారం చేతులు, మోటార్ లేకుండా ర్యాక్‌ను కదిలించడానికి 2.7 కిలోలకు మించి లాగాల్సిన పని ఉండకూడదు. చాలా పాత బండ్లలో ముల్లు అక్కడ ఆగదు.

మించితే ర్యాక్ మొత్తం బయటకు లాగి కిరోసిన్‌లో కడగండి. గొట్టంలోకి కిరోసిన్ తడిపిన గుడ్డ పేలికను తీగకు కట్టి, నల్లటి మురికి రావడం ఆగేదాకా అటూ ఇటూ లాగండి. గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయిందేమో, వీల్ బాక్సు దగ్గర దాని అంచు చిట్లిందేమో చూడండి. డాష్‌బోర్డు పనిలో ఎవరో మోకాలు ఆనించి గొట్టం వంచి ఉండటమూ మామూలే. వీల్ బాక్సు నట్లు అతిగా బిగిస్తే గొట్టం పట్టేస్తుంది. నట్లు కాస్త వదులు చేసి మళ్లీ కాటాతో లాగి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. అంతా ఆరాక ర్యాక్‌కు పలచగా కొత్త గ్రీజు పూసి ఎక్కించండి. గ్రీజు ఎక్కువైతే మంచిదనుకోవద్దు, మళ్లీ దుమ్ము పట్టేది దానికే.

వీల్ బాక్సు పళ్లు అరిగితే చెయ్యి వదులుగా ఊగుతుంది, ఒక్కోసారి ఆడుతూ ఆడుతూ జారిపోతుంది. అలాంటప్పుడు కొత్త వీల్ బాక్సు కోసం ఊళ్లు తిరగక్కర్లేదు. ఆ చక్రం ఎప్పుడూ పూర్తి చుట్టు తిరగదు, అటూ ఇటూ కొంత మేరే కదులుతుంది. అరిగేదీ ఆ మేరే. వెనక సగం పళ్లు కొత్తవిగానే ఉంటాయి. ర్యాక్ లాగేసినప్పుడు చక్రాన్ని సగం చుట్టు తిప్పి, ర్యాక్‌ను మళ్లీ ఎక్కిస్తే అరగని పళ్లు పనిలోకి వస్తాయి. ర్యాక్ కూడా అంతే. దాన్నీ సగం తిప్పి బిగిస్తే తీగ అరగని వైపు చక్రానికి ఎదురవుతుంది. ఈ ఒక్క కిటుకుతో ఎన్నో వీల్ బాక్సులు ఇంకా ఏళ్లపాటు నడుస్తాయి. ఇరుసు బుష్‌లోనే ఊగుతుంటే మాత్రం ఈ కిటుకు పనిచేయదు, వీల్ బాక్సు మార్చాల్సిందే. విప్పినప్పుడే బయటి రబ్బరు వాషర్లు చూడండి. అవి పగిలితే వాన నీళ్లు ఇరుసు వెంబడి లోపలికి దిగి డాష్‌బోర్డు వెనక వైర్ల మీద పడతాయి.

ర్యాక్ విప్పి ఉండగానే, బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి, మోటారును ఒంటరిగా ఆడించి చూడాలి. దాని ఒంటి మీద రకం పేరు అచ్చు వేసి ఉంటుంది. డీఆర్3ఏ అయితే లెక్కలు తెలిసినవే: ఖాళీగా తిరిగేటప్పుడు 2.7 నుంచి 3.4 ఆంప్స్ తీసుకోవాలి, గేరు ఇరుసు నిమిషానికి 45 నుంచి 50 చుట్లు తిరగాలి. సెల్‌ఫోన్ గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి. చుట్లు సరిగ్గా ఉండి ఆంప్స్ లెక్కలోనే ఉంటే ఆ మోటారును ముట్టుకోకండి. ఆంప్స్ ఎక్కువై చుట్లు తగ్గితే లోపల ఏదో పట్టేస్తోంది: ఎండిన బుష్, గేరు డబ్బాలో గట్టిపడిన గ్రీజు, ఆర్మేచర్‌కు చివర్లో సందు లేకపోవడం. ఆ సందు 0.20 నుంచి 0.30 మిల్లీమీటర్లు ఉండాలి. పక్కనున్న స్క్రూ, లాక్ నట్టుతో సరిచేస్తారు. ఆంప్స్ తక్కువై చుట్లూ తక్కువైతే కార్బన్ బ్రష్‌లు అరిగాయి, లేదా కమ్యుటేటర్ నల్లబడింది. పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, అవసరమైతే సన్నని సాండ్‌పేపర్ వేయండి. ఎమెరీ కాగితం మాత్రం వద్దు, దాని పొడి కరెంటును పారిస్తుంది. కమ్యుటేటర్ ముక్కల మధ్య సందుల్లో కార్బన్ పొడి ఉంటే సన్నని పుల్లతో తీసేయండి. బ్రష్‌లు స్ప్రింగు బలంతో స్వేచ్ఛగా కదలాలి.

ఇంత చేసినా తేలకపోతే అప్పుడు చుట్లు కొలవాలి. డీఆర్3ఏ ఫీల్డు చుట్టు 8 నుంచి 9.5 ఓమ్‌లు చూపించాలి. ఆర్మేచర్ 0.3 ఓమ్ దరిదాపుల్లో ఉంటుంది, అంత చిన్న కొలతను మామూలు మీటరు సరిగ్గా చూపించలేదు కాబట్టి దాన్ని గ్రోలర్ ఉన్న వైండింగ్ షాపులో చూపించండి. మోటార్ నిజంగా పోయిందని చెప్పే హక్కు మీకు ఇక్కడ వస్తుంది. అప్పుడైనా దాన్ని పారేయకుండా రీవైండింగ్‌కు ఇవ్వండి.

అంత తక్కువ ఓమ్‌లున్న ఆర్మేచర్ తిరగకుండా నిలిచిపోతే కరెంటును విపరీతంగా లాగుతుంది. ఇరుక్కుపోయిన వైపర్ స్విచ్చిని వేసి ఉంచి "వస్తుందేమో" అని చూడటం మోటారును కాల్చేసుకోవడమే. ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్ పెట్టె రేకు చుట్టి పెట్టడం ఇప్పటికీ చూస్తున్నాను. పాత బండి వైర్ల తొడుగులు ఎండి పెళుసెక్కి ఉంటాయి. ఫ్యూజు కాలాల్సిన చోట వైరు కాలితే వైపర్‌తో పోదు, డాష్‌బోర్డు అంటుకుంటుంది. అసలు రేటింగున్న గాజు ఫ్యూజే వేయండి. కస్టమర్ రేకు చుట్టి తెస్తే తీసి ఆయన చేతిలో పెట్టి, ప్రమాదం వివరించండి.

బ్లేడ్ల సంగతి తేలికగా తీసుకోవద్దు. కొత్త కార్లకొచ్చే పొడుగు బ్లేడు పాత బండికి పెడితే అద్దం బాగా తుడుస్తుందని కొందరంటారు. ఒకే స్పీడు మోటారుకు ఆ బరువు ఎక్కువ, చివర్లు అద్దానికి ఆనవు కూడా. పాత కొలతే పెట్టండి. మన ఎండలకు రబ్బరు రెండు వేసవులకే గట్టిపడి పగుళ్లిస్తుంది. చారలు పడుతుంటే ముందు అద్దం మీది మైనం పాలిష్, నూనె మరక పోయేలా కడిగి చూడండి. బ్లేడు ఒక వైపు బాగా తుడిచి తిరిగొచ్చేటప్పుడు టకటకమంటే చెయ్యి కాస్త వంకరైంది. పట్టకారుకు గుడ్డ చుట్టి, బ్లేడు అద్దానికి నిటారుగా నిలిచేలా మెల్లగా తిప్పండి. ఏ పరీక్షయినా అద్దం తడిపి చేయాలి. పొడి అద్దం మీద ఆడిస్తే రబ్బరూ పోతుంది, ఆంప్స్ లెక్కా తప్పుతుంది.

పాత జీపుల్లో ఇంజను పీల్పుతో ఆడే వాక్యూమ్ వైపర్లు ఉంటే పై వైరింగ్ పరీక్షలేవీ వర్తించవు. మానిఫోల్డు నుంచి వచ్చే రబ్బరు పైపు పగిలిందేమో చూడండి. ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే అవి నెమ్మదిస్తాయి. అది లోపం కాదు, వాటి తీరే అంత. డ్రైవరుకు ఆ సంగతి చెప్పి పంపండి.

బిల్లు రాసేటప్పుడు లోపం వెతికిన కూలిని వేరుగా రాయండి. పార్టు మార్చకుండా కూలి అడగడానికి మన వాళ్లు మొహమాటపడతారు. అందుకే అక్కర్లేని మోటార్లు మారుతున్నాయి. కాటా ఎంత చూపించింది, ఆంప్స్ ఎంత, ఎర్త్ దగ్గర ఎంత వోల్టేజీ పోయింది, బాగుచేశాక ఎంత అయింది: ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసిస్తే కస్టమర్ బేరమాడడు, ఇంకో బండిని కూడా మీ దగ్గరకే పంపుతాడు. తీసిన పాత పార్టు ఏదైనా సరే ఆయనకే ఇచ్చేయండి. ఇవాళ పనికిరాదనుకున్న వీల్ బాక్సు రేపు ఇంకో బండికి ప్రాణం పోస్తుంది.

ఈ పనికి మంచి కాలం మృగశిర కార్తెకు ముందు. వానలు మొదలయ్యాక అందరూ ఒకేసారి వస్తారు, తొందరలో పని పాడవుతుంది. మీ దగ్గరకొచ్చే పాత బండ్ల ఓనర్లకు మే నెలలోనే ఫోన్ చేసి గుర్తు చేయండి. పని అయ్యాక అద్దం మీద నీళ్లు పోస్తూ పది నిమిషాలు ఆడించి, మోటార్ వేడి చేత్తో చూసి, మూడు నాలుగుసార్లు స్విచ్చి ఆపి చేతులు అడుగుకు చేరుతున్నాయో లేదో గమనించాకే బండి అప్పగించండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 101వ నిబంధన అద్దం ఉన్న ప్రతి కారుకూ సరిగ్గా పనిచేసే వైపర్ ఉండి తీరాలంటోంది. బండి ఎంత పాతదైనా, కస్టమర్ ఎంత తొందరపెట్టినా, వానాకాలంలో వైపర్ ఆడని కారును షెడ్డు గేటు దాటనివ్వకండి.